వేట విరామం తర్వాత మొరాయించిన బోటు ఇంజను: ఇంటి వెనక విప్పి బాగుచేసిన వైనం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకు వేట బంద్. ఆ రెండు నెలలూ ఇంజను ఓ మూల కూర్చుంటుంది. బంద్ ఎత్తేశాక తాడు లాగితే చాలావాటికి ఒకటే జబ్బు: చోక్ లాగి పట్టుకున్నంతసేపు తిరుగుతుంది, వదలగానే గుటుక్కుమంటుంది. ఈసారి నేను విప్పిందీ అలాంటిదే. 9.9 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్, 246 సీసీ, లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాడ) అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక బయట తగిలించే ఇంజను. ఫైబర్ తెప్ప వెనక ఉప్పునీళ్లలో నడిచిన ఇంజను. (ఇదే 246 సీసీ దిమ్మె, అంటే సిలిండర్లుండే ప్రధాన భాగం మీద 15 హార్స్‌పవర్ కూడా వస్తుంది. గాలి, పెట్రోలు పీల్చే దారిలో తేడా పెట్టి రెండు రకాలుగా అమ్ముతారు. కాబట్టి కింద రాసినదంతా దాదాపు 15కీ పనికొస్తుంది.)

ఈ జబ్బు కనబడగానే అందరూ చేసేది కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) విప్పడం. చాలాసార్లు అది సరైన పనే. కానీ కొలతలు తీసుకోకుండా విప్పితే ఏది ముందునుంచీ చెడింది, ఏది మనం చెడగొట్టాం అన్నది తేలదు. పైగా ఈ ఇంజనుకు రెండు జబ్బులున్నాయి. మొదటిది నయమైతే గానీ రెండోది బయటపడలేదు.

ముందు ఇంజనును నిలబెట్టాలి. బరువు 36 నుంచి 38 కిలోలు, ఇద్దరుంటే నడుం నిలుస్తుంది. రెండంగుళాల మందం చెక్కను గట్టి కొయ్య స్టాండుకు బిగించి దానికి ఇంజను తగిలించాను. కింద 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, పై మూత కోసేసింది. లాంగ్ షాఫ్టులో బిగింపు నుంచి ప్రొపెల్లర్ పైనున్న అడ్డపలక దాకా 20 అంగుళాలు ఉంటుంది. నీళ్లు ఆ పలక దాటి కనీసం అరడుగు పైకి ఉండాలి. నీటి పంపు పలకకు పైనే ఉంటుంది కనుక అంతకంటే తక్కువైతే అది గాలి పీలుస్తుంది. ప్రొపెల్లర్ తీసి పక్కన పెట్టాను. అది ఉండగా పొరపాటున గేరు పడితే డ్రమ్ములో నీళ్లన్నీ పెరట్లోకి వస్తాయి, చెయ్యి దగ్గరుంటే ఇంకా ఘోరం. నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్టయితే చాలు, చూద్దాం" అనే అలవాటు మానాలి. పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను తడిగా ఉంచేవి ఆ నీళ్లే. పొడిగా అర నిమిషం తిరిగినా రెక్కల అంచులు కాలిపోతాయి. ఇదంతా ఆరుబయట చెయ్యాల్సిన పని. వంటింటి కిటికీకి, పొయ్యికి దూరంగా.

స్పానర్ పట్టకముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. ఇంజను ఆగిపోబోతున్నప్పుడు ఒకసారి చోక్ లాగి చూడాలి, ఇంకోసారి చోక్ ముట్టకుండా పెట్రోలు హోసు మీది బల్బు (చేత్తో నొక్కే రబ్బరు ఉండ) నొక్కి చూడాలి. చోక్ లాగితే బతికితే ఒక అర్థం, బల్బు నొక్కితే బతికితే ఇంకో అర్థం. చోక్ గాలిదారి మూసి పెట్రోలును గట్టిగా పీలుస్తుంది. దానితో బతికిందంటే పెట్రోలు కార్బొరేటర్ దాకా వస్తోంది, లోపలి సన్న దారులు మూసుకుపోయాయన్నమాట, లేదా కార్బొరేటర్ తర్వాత ఎక్కడో దొంగగాలి దూరుతోంది. బల్బు నొక్కితే బతికిందంటే పంపు చెయ్యాల్సిన పని మన చెయ్యి చేస్తోంది. అప్పుడు లోపం ట్యాంకులోనో, హోసులోనో, ఇంజను మీది పెట్రోలు పంపులోనో వెతకాలి. ఈ ఇంజను చోక్‌తో బతికింది, బల్బుతో బతకలేదు.

అయినా నేరుగా కార్బొరేటర్ మీదికి పోలేదు. ముందు ప్లగ్గులు. రెండూ విప్పి ఏది పై సిలిండర్‌దో ఏది కిందదో గుర్తు పెట్టుకుని పక్కపక్కన పెట్టాను. రెండూ పొడిగా, తెల్లటి బూడిదరంగులో ఉన్నాయి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన లక్షణం. ఒకటి తడిగా ఒకటి పొడిగా ఉంటే కథ వేరు: తడిసిన సిలిండర్‌లో నిప్పురవ్వ లేదని అనుమానించాలి. ప్లగ్గు మీద నీటి బొట్లుంటే హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద ఉండే పలక) వైపు చూడాలి. దీనికి పడే ప్లగ్గు ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్-10, గ్యాప్ 1.0 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్‌తోనే పెట్టాలి. బైకు ప్లగ్గుల అలవాటు కొద్దీ 0.6 దగ్గర పెట్టేస్తుంటారు. ఇంజను స్టార్టవుతుంది గానీ నిదానపు తిరుగుడులో తడబడుతుంది, నింద మళ్లీ కార్బొరేటర్ మీద పడుతుంది.

ప్లగ్గులు బయట ఉండగానే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) చూడాలి. కిల్ స్విచ్ క్లిప్పు (తీస్తే ఇంజను ఆగేది) తీసేసి, ప్లగ్గు వైర్ల రెండు కొసలూ ఇంజను బాడీకి తగిలించాను. తగిలించకుండా ఊరికే తాడు లాగితే రవ్వకు దూకే దారి దొరక్క ఆ ఒత్తిడి రవ్వ పుట్టించే కాయిల్, సీడీఐ (ఎలక్ట్రానిక్ డబ్బా) మీద పడుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ బిగించి, తాడు గట్టిగా 6 సార్లు లాగాను. పైది 110 పీఎస్‌ఐ, కిందది 106. చేత్తో లాగే ఇంజన్లో అంకె ఎంత అన్నదానికంటే రెండింటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపుంటే నిశ్చింత. ఒకటి 110, ఒకటి 75 వచ్చిందనుకోండి, తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా టూటీ ఆయిల్ పోసి మళ్లీ లాగాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే గాస్కెట్. రెండూ ఒకేలా పడిపోతే సిలిండర్ల నడుమ గాస్కెట్ కాలిందేమో చూడాలి. ఇవేవీ ఇక్కడ లేవు. దిమ్మె జోలికి పోనక్కర్లేదని ఈ పావుగంటలో తేలిపోయింది.

రవ్వ సంగతి. ప్లగ్గును బాడీకి ఆనించి చూసే పద్ధతి నాకు నచ్చదు. బయటి గాలిలో దూకిన రవ్వ సిలిండర్‌లోని ఒత్తిడిలో దూకకపోవచ్చు. గ్యాప్ మార్చుకునే స్పార్క్ టెస్టర్ తీసుకుని 9 మిల్లీమీటర్లకు పెడితే టప్ టప్‌మని నీలిరంగు రవ్వ దూకాలి. రెండు వైర్లకూ దూకింది. రవ్వే లేకపోతే కొత్త సీడీఐ కొనకముందు స్టాప్ స్విచ్చి నుంచి వచ్చే తెల్ల వైరును దాని కనెక్టర్ దగ్గర ఊడదీసి మళ్లీ చూడాలి. రవ్వ తిరిగొచ్చిందంటే చెడింది స్విచ్చే, లోపల ఉప్పు పట్టి ఎప్పుడూ "ఆఫ్"లోనే ఉండిపోయిందన్నమాట. ఆ తర్వాత చూడాల్సింది కాయిల్‌ను బాడీకి పట్టే బోల్టు. దాని కింద తెల్లటి పొడి పేరుకుంటే ఎర్త్ అందదు. ఎమరీ పేపరుతో గీకి బిగిస్తే సరి. ప్లగ్గు మూతలోకి పోయే వైరు కొస పచ్చబడి ఉంటే అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ తిప్పి ఎక్కించాలి. ఖరీదైన కరెంటు సామాను మార్చి, చివరికి కారణం ఈ మూడింట్లో ఒకటని తెలుసుకున్నవాళ్లు చాలామంది.

ఇక పెట్రోలు. ట్యాంకులోంచి ఒక లీటరు గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచాను. అడుగున వేలెడు మందం వేరే పొర. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం. సముద్రపు గాలిలో, సగం ఖాళీ ట్యాంకులో రెండు నెలలుంటే తేమ పడుతుంది. మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకులోని పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది కనుక ఇంజనుకు ముందు అందేది ఆ నీళ్లే. టూటీ ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలులో మిగిలిపోతుంది. అంటే అడుగు పొరను పీల్చిన ఇంజను స్టార్టవకపోతే అది మన అదృష్టం, స్టార్టయితే నూనె లేకుండా తిరుగుతుంది. ఆ పెట్రోలు మొత్తం పారబోసి, ట్యాంకు కొత్త పెట్రోలుతో కడిగి ఆరబెట్టాను.

కలపాల్సిన పాళ్లు 50కి 1. లీటరుకు 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల ట్యాంకుకు 480 మిల్లీలీటర్లు. ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకుల టూటీ పోస్తే ఏమవుతుందని అడుగుతుంటారు. ఆ రోజుకేం కాదు. బైకు ఇంజను గాలికి చల్లబడేది, వేడి ఎక్కువ. దాని ఆయిల్‌లో కాలాక బూడిద మిగిల్చే మందులుంటాయి. నీటితో చల్లబడే ఇంజన్లో ఆ బూడిద ప్లగ్గు కొనల మీదా రింగుల గాళ్లలోనూ పేరుకుంటుంది. టీసీ-డబ్ల్యూ3 బూడిద మిగల్చని రకం. ఇంకోమాట: కిరసనాయిలుతో నడిచే అవుట్‌బోర్డులను చూసి పెట్రోలు ఇంజన్లో కిరసనాయిలు కలిపేవాళ్లున్నారు. ఆ మోడళ్లు వేరు, వాటి కంప్రెషన్ తక్కువ. మామూలు ఇంజన్లో కలిపితే బరువు మీద టకటకమని కొట్టుకుని పిస్టన్ పాడవుతుంది.

హోసు, బల్బు. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి, బల్బు మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉందో లేదో చూసి నొక్కాను. అయిదారు నొక్కులకు గట్టిపడి అలాగే నిలిచింది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోందని, చాలాసార్లు ఇంజనుకు తగిలించే కనెక్టర్‌లోని ఓ-రింగు. బల్బు గట్టిపడ్డాక కార్బొరేటర్ లోంచి పెట్రోలు కారితే లోపం నీడిల్ వాల్వుది (గిన్నె నిండాక పెట్రోలును ఆపే సూది). ఇంజను నడుస్తుండగా బల్బు చప్పిడి పడిపోతే వెనక ఏదో మూసుకుంది, ముందు ఆ గాలి మర చూసుకోవాలి. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపు ఆగితే మళ్లీ నడిచే ఇంజన్లలో ఎన్నో ఈ మర మూసి ఉన్నవే. పాత హోసులో ఇంకో మాయ ఉంటుంది. ఇథనాల్‌కు లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. మెల్లగా నడిపితే పెట్రోలు పోతుంది, వేగం పెంచగానే ఆ నాలుక దారికి అడ్డం పడుతుంది. బయటినుంచి చూస్తే హోసు కొత్తదానిలా ఉంటుంది. వంచి పట్టుకుంటే పటపటమన్నా, ఒక చివర లోపలి గోడ ముడతలు పడ్డా మార్చేయడమే.

పెట్రోలు పంపును కూడా విప్పకుండానే చూడొచ్చు. కార్బొరేటర్‌కు పోయే గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి, కిల్ స్విచ్ క్లిప్పు తీసేసి, తాడు పదిసార్లు లాగాను. లాగినప్పుడల్లా చిమ్ముతూ వచ్చింది. ఈ పంపుకు మోటారు లేదు. పిస్టన్ల కింద క్రాంక్ గదిలో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులకు పల్చటి డయాఫ్రమ్ ఊగుతుంది. దానికి చిల్లు పడితే పెట్రోలు ఆ చిల్లులోంచే క్రాంక్ గదిలోకి పోయి ఒక సిలిండర్ తడిసి ముద్దవుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. మిగిలింది కార్బొరేటర్. ఇప్పుడు దాన్ని విప్పడానికి కారణం చేతిలో ఉంది.

విప్పేముందు రెండు కొలతలు రాసుకున్నాను. పైలట్ స్క్రూను (నిదానపు తిరుగుడుకు పాళ్లు సరిచేసే స్క్రూ) మెల్లగా లోపలికి తిప్పుతూ ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టాను: ఒకటిన్నర. గట్టిగా బిగిస్తే దాని సూది మొన మీద గాడి పడుతుంది, ఆ తర్వాత నిదానపు తిరుగుడు ఎప్పటికీ కుదరదు. రెండోది గిన్నె విప్పగానే తలకిందులు చేసి వెర్నియర్‌తో కొలిచిన ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బుడ్డి) ఎత్తు. మళ్లీ అదే ఎత్తు రావాలి.

కార్బొరేటర్ రావడానికి ముందున్న గాలి డబ్బా, చోక్ కడ్డీ, థ్రాటిల్ లింకు, పెట్రోలు గొట్టం, రెండు 10 నంబరు నట్లు తియ్యాలి. గిన్నె అడుగు స్క్రూ విప్పి అందులో ఉన్నదాన్ని గాజు గ్లాసులో పట్టాను. లక్కలా చిక్కటి పసుపు, అడుగున తెల్లటి పొడి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూశాను, లోపల పెట్రోలు గలగలలాడలేదు. నీడిల్ వాల్వు కొన మీద గీత లేదు. మెయిన్ జెట్‌ను (పెట్రోలును కొలిచి వదిలే రంధ్రమున్న ముక్క) వెలుతురుకు పట్టి చూస్తే గుండ్రటి రంధ్రం, అంచున కాస్త పచ్చదనం మాత్రమే. పైలట్ జెట్‌లోంచి వెలుతురే రాలేదు.

జబ్బు అదే. ఎందుకు అదే ముందు మూసుకుంటుందంటే, నిదానంగా తిరిగేటప్పుడు థ్రాటిల్ పలక దాదాపు మూసి ఉంటుంది. అప్పుడు ఇంజనుకు కావాల్సిన పెట్రోలంతా ఆ ఒక్క సన్న రంధ్రం నుంచే రావాలి. కార్బొరేటర్ మొత్తంలో అతి చిన్న దారి అదే. ఎండిన పెట్రోలు జిగురు ముందు దాన్నే పూడుస్తుంది. అందుకే ఇలాంటి ఇంజన్లు థ్రాటిల్ సగం తెరిచి లాగితే ఒక్కోసారి రయ్యిమని తిరుగుతాయి కూడా.

శుభ్రం చేసేటప్పుడు స్టీలు తీగ వాడకూడదు. జెట్లు ఇత్తడివి, మెత్తన. రంధ్రం ఒక్క పిసరు పెద్దదైనా పాళ్లు మారిపోతాయి. సన్న నైలాన్ పోగు చాలు, తీరం వెంట వల ఉన్న ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. జెట్లను కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, పోగుతో పొడిచి, గాలి కొట్టాను. ఇత్తడి కదా అని చింతపండు, వెనిగర్ లాంటివి పట్టించబోకండి. జెట్టు మెరుస్తుందేమో గానీ దాని చుట్టూ ఉన్న బాడీ ఇత్తడి కాదు, పులుపుకు నల్లబడి పొడి రాలుతుంది. ఆ పొడి మళ్లీ జెట్టులోకే పోతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. జెట్లు శుభ్రమైతే సగం పనే అయింది. థ్రాటిల్ పలక అంచు దగ్గర గొట్టం లోపలి గోడకు సూది మొనంత రంధ్రాలు వరసగా ఉంటాయి. పైలట్ స్క్రూ తీసేసి ఆ రంధ్రంలో క్లీనర్ స్ప్రే కొడితే అవన్నీ చిమ్మాలి. నాకు మొదట ఒకటే చిమ్మింది. మూడుసార్లు నానబెట్టి గాలి కొడితే గానీ మిగతావి తెరుచుకోలేదు. స్ప్రే ఎదురు తిరిగి కళ్లలోకి వస్తుంది, అద్దాలు పెట్టుకోవాలి.

బిగించేటప్పుడు గిన్నె గాస్కెట్ కొత్తది. దొరకలేదని సిలికాన్ పేస్టు రాస్తే పెట్రోలుకు అది ఉబ్బి, ముక్కలై, సరిగ్గా ఇప్పుడే శుభ్రం చేసిన రంధ్రాల్లో కూర్చుంటుంది. నీడిల్ వాల్వు మూసుకుంటోందో లేదో చూడటానికి కార్బొరేటర్‌ను తలకిందులు చేసి పెట్రోలు వచ్చే ముక్కులోకి నోటితో మెల్లగా ఊదాను. ఫ్లోట్ బరువుకే గాలి ఆగింది. ఇంజనుకు ఆనే చోట గాస్కెట్ కూడా మార్చాను, దొంగగాలి అక్కడినుంచే దూరుతుంది.

కొత్త పెట్రోలు, కొత్త ప్లగ్గులు, పైలట్ స్క్రూ ఒకటిన్నర చుట్లు. రెండో లాగుకే అందుకుంది. చోక్ వదిలినా నిలబడి తిరిగింది. ఇక్కడ సామాను సర్దేసి ఉంటే ఇంజను ఆ వారంలోనే సముద్రంలో పట్టేసేది.

పక్కనుంచి వచ్చే నీటి ధార ఆరేడు నిమిషాలకు సన్నబడింది. చెయ్యి పెడితే గోరువెచ్చగా కాదు, చురుక్కుమంది. సిలిండర్ హెడ్ మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమన్నాయి. వెంటనే ఆపేశాను. బాగున్న ఇంజను హెడ్ మీద చెయ్యి రెండు మూడు క్షణాలైనా ఆనించగలగాలి.

ధార సన్నబడగానే పంపు విప్పొద్దు. ముందు ధార వచ్చే ముక్కులో నైలాన్ పోగు దూర్చి కదపాలి. రెండు నెలలు ఖాళీగా ఉన్న ఇంజన్లో ఆ రంధ్రం మట్టిగూడు కట్టే కందిరీగకు సిద్ధంగా ఉన్న ఇల్లు. ఇక్కడా చిటికెడు మట్టి రాలింది. ధార కాస్త లావైంది, వేడి మాత్రం తగ్గలేదు. చాలా ఇంజన్లలో ఆ ధార పైకెక్కిన నీటిలో ఒక చిన్న పాయ. అది బాగుంటే పంపు పనిచేస్తోందని తెలుస్తుంది, హెడ్ చల్లగా ఉందని కాదు.

కింది గేర్‌బాక్సు దించాలి. గేరు కడ్డీని కలిపే కనెక్టర్ ఎన్ని మరల మీద ఉందో గుర్తు పెట్టుకుని విడదీసి, ఆపైన నాలుగు 12 నంబరు బోల్టులు. మూడు వచ్చాయి, ఒకటి రాలేదు. మొత్తం పనిలో ఎక్కువ సమయం తిన్నది ఆ ఒక్క బోల్టే. స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పునీళ్లు: అల్యూమినియం తెల్లటి పొడిగా మారి మరల మధ్య సిమెంటులా బిగుసుకుంటుంది. పొడుగు పైపు తగిలించి లాగితే బోల్టు తల చేతికొస్తుంది. స్పానర్ మీద బలం పెట్టినప్పుడు బోల్టు కాస్త తిరిగి స్ప్రింగులా వెనక్కొస్తోందంటే మెడ మెలితిరుగుతోందని, అక్కడే ఆగాలి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి రాత్రంతా చుక్కలుగా వేశాను. పొద్దున అదంతా శుభ్రంగా తుడిచి, ఆరాక (అది మండే సరుకు), హీట్ గన్‌తో బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న బాడీని నాలుగు నిమిషాలు కాచాను. అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. ముందు బిగించే వైపు ఒక పిసరు, తర్వాత విప్పే వైపు, మళ్లీ బిగింపు. అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే కిర్రుమంటూ కదిలింది.

గేర్‌బాక్సు దిగాక పంపు విప్పకముందే ఇంకో పరీక్ష. పైన ఇంజనులో వేలాడే నీటి గొట్టంలోకి తోట పైపు దూర్చి నీళ్లు వదిలాను. నీళ్లు పైకెక్కి ధార ముక్కులోంచీ, పొగ దారిలోంచీ ధారాళంగా రావాలి. రాలేదు. అంటే పంపు ఒక్కటే కాదు, పైన దారి కూడా పూడింది. ఇంపెల్లర్ మార్చి మూసేసేవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ముందు పంపు. నాలుగు 10 నంబరు బోల్టుల మూత తీస్తే లోపల రబ్బరు చక్రం. రెక్కలన్నీ ఒకే పక్కకు వంగి అలాగే బిగుసుకుపోయాయి, ఒకదాని కొన చిన్న ముక్క లేదు. లేని ముక్క ఎక్కడో ఉండే తీరాలి. నీటి గొట్టం పై కొసన దొరికింది. మూత లోపలి స్టీలు గిన్నె మీద గోరు పట్టేంత గాళ్లు, కింద పలక మీద కూడా. ఒక్క ఇంపెల్లర్ కాకుండా గిన్నె, పలక, గాస్కెట్లు, అర్ధచంద్రపు కీ కలిసి వచ్చే కిట్ కొనడమే నయం. గాళ్లు పడ్డ గిన్నెలో కొత్త రబ్బరు ఒక సీజను కూడా నిలవదు. కీని వేలితో పట్టుకుంటే జారి ఇసుకలో పడుతుంది. చిటికెడు గ్రీజుతో షాఫ్టు గాడికి అంటించాను. ఇంపెల్లర్‌కు సబ్బునీళ్లు రాసి, షాఫ్టును పైనుంచి చూసినప్పుడు గడియారం తిరిగే వైపు తిప్పుతూ మూతలోకి దించాను. రెక్కలు తిరిగే దిశకు వెనక్కి వాలి ఉండాలి.

పైన థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే నీటి కవాటం) మూత విప్పితే గూడంతా ఉప్పు గార. చెక్క పుల్లతో గీకాను, స్క్రూడ్రైవర్‌తో గీకితే గాస్కెట్ కూర్చునే చదును పాడవుతుంది. థర్మోస్టాట్‌ను గిన్నెడు నీళ్లలో థర్మామీటరుతో పాటు వేలాడదీసి వేడిచేశాను. 50 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 60కి పూర్తిగా తెరుచుకోవాలి. 70 దాటినా కదల్లేదు. కొత్తది వేశాను. దీన్ని తీసి పారేసి నడిపేవాళ్లున్నారు. వేడెక్కదు, నిజమే. కానీ ఇంజను ఎప్పుడూ చల్లగా ఉండి పెట్రోలు పూర్తిగా కాలదు, కార్బన్ పేరుకుంటుంది, ప్లగ్గులు నల్లబడతాయి. తోట పైపుతో పావుగంట మంచినీళ్లు పారించాక దారిలోంచి గార ముక్కలు రావడం ఆగి, ధార పెన్సిలంత లావున వచ్చింది.

గేర్‌బాక్సు ఎలాగూ చేతిలో ఉంది కనుక ఆయిల్ కూడా చూశాను. కింది స్క్రూ ముందు, పై స్క్రూ తర్వాత. పాలు కలిపిన టీ రంగులో వచ్చిందంటే నీళ్లు చేరాయని. దీంట్లో అంచున కొద్దిగా తెలుపు. ప్రొపెల్లర్ షాఫ్టు వెనక చూస్తే నైలాన్ వలపోగు చుట్టుకుని సీలు పెదవిని కోస్తోంది. పోగు తీసేసి సీలు మార్చాను. పై రంధ్రంలో ఒత్తిడి గేజ్, పంపు తగిలించి ఒక కిలో ఒత్తిడి పెట్టి బకెట్లో ముంచితే బుడగలు రాలేదు. ఆయిల్ ఎస్‌ఏఈ 90 హైపాయిడ్, 250 మిల్లీలీటర్లు. కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. నిండాక పై స్క్రూ ముందు బిగించాలి, తర్వాత కిందది. వాషర్లు రెండూ కొత్తవి.

తిరిగి ఎక్కించేటప్పుడు తప్పు జరిగేది ఒకే చోట: నీటి గొట్టం కింది కొస పంపు మీది రబ్బరు గ్రోమెట్‌లో (గొట్టం దూరే రింగు) కూర్చోకుండా పక్కకు జారుతుంది. బోల్టులన్నీ చక్కగా బిగుస్తాయి, ఇంజను మాత్రం వేడెక్కుతుంది. టార్చి పెట్టి చూస్తూ ఎక్కించాను. డ్రైవ్ షాఫ్టు పళ్లకు గ్రీజు పక్కలకే రాయాలి, పై కొస మీద రాస్తే గ్రీజు ఇరుక్కుని షాఫ్టు పూర్తిగా పైకెళ్లదు. పళ్లు కలవకపోతే సుత్తి కాదు, స్టార్టర్ తాడు ఒక్క అంగుళం మెల్లగా లాగితే కలుస్తాయి. బోల్టులన్నిటికీ మెరైన్ గ్రీజు, వచ్చే ఏడాది విప్పేవాడు కూడా నేనే కనుక. సగం అరిగిన జింకు దిమ్మె మార్చాను. దానికి రంగు వెయ్యకూడదు. బాడీకి బదులు తాను అరగడమే దాని పని, రంగు వేస్తే ఆ పని చెయ్యదు.

డ్రమ్ములో కొత్త నీళ్లు పట్టి 20 నిమిషాలు నడిపాను. పాత నీళ్లు పొగతో, నూనెతో చిక్కబడి వేడెక్కి ఉంటాయి, వాటితో చల్లదనం పరీక్షించలేం. హెడ్ మీద 55 నుంచి 60 డిగ్రీల మధ్య నిలబడింది. బాగా వేడెక్కాక పైలట్ స్క్రూ పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, తిరుగుడు నున్నగా ఉన్నచోట ఆపి, నిమిషానికి 750 చుట్లకు సరిచేశాను. డ్రమ్ములో తెలిసేది ఇంతవరకే. బరువు మీద ఎలా ఉంటుందో నీళ్లమీదే చూడాలి. ప్రొపెల్లర్ వేసి, తెప్ప మీద పూర్తి థ్రాటిల్‌లో అయిదు నిమిషాలు నడిపి, వేగం తగ్గించకుండానే కిల్ స్విచ్‌తో ఆపి ప్లగ్గులు విప్పి చూశాను. నెమ్మదిగా తిప్పి ఆపితే ప్లగ్గు చెప్పేది నిదానపు తిరుగుడు సంగతే. రెండూ లేత కాఫీ రంగు.

వచ్చే ఏప్రిల్ 14 సాయంత్రం చెయ్యాల్సింది అరగంట పని. మంచినీళ్ల డ్రమ్ములో పావుగంట నడపడం, చివర్లో పెట్రోలు గొట్టం ఊడదీసి తనంతట తాను ఆగిపోయేదాకా వదిలెయ్యడం. ఆగాక కూడా గిన్నె అడుగున రెండు చెంచాలు మిగులుతాయి, అడుగు స్క్రూ విప్పి అవీ తియ్యాలి. ఒక్కో సిలిండర్‌లో చెంచాడు టూటీ ఆయిల్ పోసి, ప్లగ్గు వైర్లు బాడీకి తగిలించి తాడు మెల్లగా అయిదారుసార్లు లాగి ప్లగ్గులు బిగించాలి. ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఇంజనును పడుకోబెట్టకుండా నిలబెట్టే ఉంచాలి, లోపలి నీళ్లు కిందికి కారిపోతాయి. ధార ముక్కులో ఎర్రగుడ్డ పీలిక ఒకటి, జూన్‌లో కంటికి కనబడేలా కొస వేలాడుతూ.